మధ్యలో లేవకూడని ఆట

రెండువేల ఇరవై నాలుగు ఎన్నికల ఎండాకాలం. రంజాన్ పండగ ఇంకా నాలుగు రోజులుందనగా, కువైట్‌లో డ్రైవరు పని చేసే మా ఆయన హుమాయున్ ఊరికొచ్చే వాళ్ళ చేతికిచ్చి ఒక పెట్టె పంపించాడు. అరచేతిలో ఇమిడిపోయే నల్లపెట్టె, దానికి రెండు బుల్లి రిమోట్లు. టీవీకి తగిలిస్తే ఆరువందల పాత వీడియో గేములు వస్తాయట. "నీ చిన్నప్పటివి సాజిదా, తీరిగ్గా ఆడుకో" అని ఫోన్లో చెప్పాడు. పాపం, ఆయన సంతోషపెడదామనే పంపాడు. మా పుట్టింట్లో ఒకప్పుడు వీడియో గేముల అంగడి ఉండేదని ఆయనకు తెలుసు. దాన్ని ఎందుకు మూశామో నేనెప్పుడూ చెప్పలేదు.

ప్రొద్దుటూరులో నాకు సెల్‌ఫోన్ల రిపేరు అంగడి ఉంది. మా నాన్న నేర్పిన సోల్డరింగు పనే నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది. ఆ పెట్టెను అంగట్లో గోడ టీవీకి తగిలించాను. ఒంటిపూట బడి వదిలిన పిల్లలు మా ఇద్దరు కొడుకులతో కలిసి మూగారు. రెండు రోజులు ఎగబడి ఆడారు, మూడో రోజు ముఖాలు ముడుచుకున్నారు. "ఏందిమా ఇది, బొమ్మలు ఇటుకముక్కల్లా ఉండాయి" అన్నాడు చిన్నోడు.

ఈ పాత ఆటలు ఇప్పటికీ నిలబడతాయా అని నన్నెవరైనా అడిగితే, నిజం చెప్పాలంటే చాలావరకు నిలబడవు. కార్ల గేము ఒకప్పుడు ఒళ్ళు జలదరించేలా ఉండేది. ఇప్పుడు చూస్తే రోడ్డంతా ఒకటే మలుపు. చేపల గేము రెండు నిమిషాలకే ఆవలింతలు తెప్పించింది. మనకు గుర్తున్నది ఆట కాదు, అప్పటి మన ఆకలి. కానీ ఆరువందల్లో ఒకటి మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. కోట గేము. దాని అసలు పేరేమిటో మాకెవరికీ తెలియదు, క్యాసెట్ మీద ఏదో పరాయి లిపి ఉండేది. ఒక చిన్న మనిషి తొమ్మిది స్టేజీలు దాటి కోట తలుపు తెరవాలి. శత్రువు ఎక్కడినుంచి రావాలో అక్కడినుంచే వస్తాడు, ఎప్పుడు రావాలో అప్పుడే వస్తాడు. చస్తే తప్పు మనదే. అంత న్యాయమైన ఆట నేను మళ్ళీ చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత రిమోటు పట్టుకుంటే నా బొటనవేళ్ళు నన్నడగకుండానే అయిదో స్టేజీదాకా వెళ్ళిపోయాయి.

ఈ కొత్తపెట్టెలో ఒక సౌకర్యం పెట్టారు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు, తప్పు చేస్తే ఒక బటన్ నొక్కి కాస్త వెనక్కి పోవచ్చు. మా కాలంలో అవేవీ లేవు. కుర్చీలోంచి లేస్తే మూడు ప్రాణాలూ పోయినట్టే, కరెంటు పోతే మళ్ళీ మొదటి స్టేజీయే.

"ఇవి నొక్కకుండా ఎవరన్నా గెల్చినారా మా?" అన్నాడు పెద్దోడు.

"ఒకాయన గెల్చినాడు. రెండు గంటలు కుర్చీలోంచి లేయకుండా."

ఫోను బాగుకోసం స్టూలు మీద కూర్చున్న జీవరత్నం సారు తలెత్తి టీవీ వైపు చూశాడు. ఆయనది పులివెందుల అవతల వేముల, ఇక్కడి స్కూల్లో లెక్కలు చెబుతాడు. "అదేనా కోట గేమంటే? మా ఊర్లో ఒకాయన ఉండాడమ్మా. ఆ పొద్దు నేను కోట గేము ఆడతాంటి, నాకేం తెలీదు అంటాడు. హత్యకేసులో పదకొండేళ్ళు జైల్లో ఉండి వచ్చినోడు ఆ మాటంటే ఎవరు నమ్ముతారు? జనం నవ్వుతారు."

నా చేతిలో సోల్డరింగు కడ్డీ ఉంది. దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టాను. "పేరేంది సార్?"

"శుభాకరు. జమ్మలమడుగు నుంచి వచ్చి ఉండారు తల్లీకొడుకులు. మా ఏసు గుడి ఊడ్చి, గంట కొడతాంటాడు. మనిషి శానా నెమ్మది. కానీ వాళ్ళమ్మ వాణ్ణి ప్రభువు బల్ల దగ్గరికి రానీదు."

"అంటే?"

"నెలకొక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం కదమ్మా మేము, సంస్కారమంటాం. మనసులో పాపం పెట్టుకోని తీసుకోకూడదు. చేసింది ఒప్పుకో, అప్పుడు రా అంటాది ఆ తల్లి. చేయందాన్ని ఎట్ల ఒప్పుకునేది అంటాడు కొడుకు. పదిహేడేండ్లాయ విడుదలై వచ్చి. ఆ ఆదివారం వచ్చిందంటే వాడు గుడి మెట్ల మీద కూచుంటాడు, ఆమె లోపలికి పోతాది. ఒగే ఇంట్లో ఉంటారు, ఒగే కుండ కూడు తింటారు. అదేం పట్టుదలో!"

ఆయన ఫోను బాగుచేసి ఇచ్చాను. ఆ తర్వాత షట్టరు దించి, పిల్లల్ని ఇంటికి పంపి, లోపలే కూర్చుండిపోయాను. శిక్ష పడిందని నాకు తెలుసు, విడుదలయ్యాడని విన్నాను. అంతటితో అయిపోయిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తల్లి కూడా నమ్మలేదన్న సంగతి నాకు తెలియదు. తెలియకపోవడమేమిటి, ఆమెను నమ్మకుండా చేసింది నేనే కదా.

మా అంగడి అంటే జమ్మలమడుగులో మా ఇంటి ముందుగది. రెండు టీవీలు, నాలుగు కుర్చీలు, గంట చూడటానికి ఒక అలారం గడియారం. నాన్న ఖాదర్ రేడియోలు రిపేరు చేయడానికి బజారుకు పోతే పగలంతా అంగడి చూసుకునేది నేను. తొంభై ఆరు ఎండాకాలం, నాకు పద్నాలుగేళ్ళు. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా టైమైపోయిందంటే నా మాట విని లేచేవాళ్ళు. ఆ మాత్రం పెత్తనానికే నేను తెగ మురిసిపోయేదాన్ని.

అది కూడా ఎన్నికల కాలమే. మా ఊళ్ళో పార్టీ అంటే జెండా కాదు, ఎవరి జీపు వెనక ఎవరెక్కుతారన్నదే. మా వీధంతా పెద్దాయన అని పిలిచే నాయకుడి వైపు. ఆయనను పేరుపెట్టి పిలిచిన వాళ్ళను నేను చూడలేదు. అవతలి నాయకుడి దగ్గర జీపు డ్రైవరు ఆనందయ్య. ఆనందయ్య భార్య కరుణమ్మ చర్చివాళ్ళ మిషన్ కాంపౌండులో ఆడపిల్లల హాస్టలుకు వంట చేసేది. వాళ్ళ ఒక్క కొడుకే శుభాకర్. ఇరవయ్యేళ్ళవాడు, ఇంటర్ తప్పాడు, కోట గేము మాత్రం ఎనిమిదో స్టేజీదాకా వెళ్ళేవాడు.

పోలింగు ఇంకా పదిరోజులుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయి రెండింటికి వచ్చింది. వచ్చిన అయిదు నిమిషాలకు ఆనందయ్య జీపు మా ఇంటిముందు ఆగింది. కొడుకును దించి, నీళ్ళడిగాడు. నేను చెంబు తెచ్చిస్తే ఎత్తిపోసుకుని తాగాడు.

"వీణ్ణి సాయంత్రం దాంకా ఈడనే ఉండనీ పాపా. బయట బాగలేదు. యాడికీ పోనియ్యొద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

శుభాకర్ కూర్చున్నాడు. ఆ రోజు వాడి చేతులకు ఏమొచ్చిందో గాని ఒక్క ప్రాణం కూడా పోకుండా నాలుగు స్టేజీలు దాటాడు. రెండో టీవీ దగ్గరున్న పిల్లలు తమ ఆట వదిలేసి వీడి వెనక చేరారు. మూడుంపావుకి, గడియారం నా ముందే ఉంది కాబట్టి నాకు బాగా గుర్తు, ముద్దనూరు రోడ్డు వైపునుంచి పెద్ద చప్పుళ్ళు వినిపించాయి. రెండు, కాసేపాగి ఇంకొకటి. ప్రచారం పటాసులనుకున్నాం.

"పటాసులేం గానీ, కరెంటు పోకుంటే చాలు దేవుడా" అన్నాడు శుభాకర్, కళ్ళు తిప్పకుండా.

నాలుగింటికి కోట తలుపు తెరుచుకుంది. చిన్న మనిషి చెయ్యెత్తాడు. మాకెవరికీ చదవడం రాని అక్షరాలు కిందినుంచి పైకి పోయాయి. పిల్లలంతా గోలగోలగా అరిచారు. శుభాకర్ తెరవైపు కాసేపు అలాగే చూసి, "ఇంతేనా?" అన్నాడు. అని నవ్వాడు. వాడు అంత హాయిగా నవ్వడం నేను చూసింది అదే.

ఆ చప్పుళ్ళు నాటుబాంబులు. పెద్దాయన మనిషి ఓబుళేసు ముద్దనూరు రోడ్డు మీద చనిపోయాడు.

మా వైపు ఒక వాడుక ఉంది. మనిషి శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, ఇక్కడ కూర్చుని జాబితా రాస్తారు. చేసినవాళ్ళ పేర్లు సగం ఉంటాయి, చేయకపోయినా అవతలివైపు ఉన్నవాళ్ళవి సగం. పేర్లెక్కించడమంటారు దాన్ని. దాన్నెవరూ అబద్ధమనుకోరు, రెండు వైపులా చేసే పనే. ఓబుళేసు కేసులో పది పేర్లెక్కాయి. ఆనందయ్య ఊరొదిలి పారిపోయాడు, మళ్ళీ ఎవరికీ కనబడలేదు. శుభాకర్‌ను ఆ రాత్రే మిషన్ కాంపౌండునుంచి పోలీసులు తీసుకుపోయారు.

మూడోరోజు మా అమ్మ దిల్షాద్‌బీ ఓబుళేసు ఇంటికి పరామర్శకు పోతూ నన్ను వెంట తీసుకుపోయింది. ఓబుళేసు భార్య నిర్మలమ్మకు రవికలు కుట్టేది మా అమ్మే. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నిర్మలమ్మ మాట పడిపోయినట్టు గోడకానుకుని ఉంది. మాట్లాడుతున్నది ఆమె ఆడబిడ్డ వసంతమ్మ.

"ఆ డ్రైవరు కొడుకు, శుభాకరు, వాడు కూడా జీపులో ఉన్న్యాడంట. మొదటి బాంబు ఇసిరింది వాడేనంట."

నాకు నోరాగలేదు. వాళ్ళ దుఃఖంలో ఒక తప్పు దొర్లింది, దిద్దితే సరిపోతుందనుకున్నాను. స్కూల్లో లెక్క తప్పితే చెయ్యెత్తి చెప్పినట్టు చెప్పాను.

"ల్యాదక్కా. ఆ పొద్దు శుభాకరన్న మా అంగట్లో ఆటాడతా ఉన్న్యాడు. రెండింటికి కూచుంటే నాలుగింటి దాంకా ల్యాయలా."

వసంతమ్మకు కోపం రాలేదు. నా పక్కకు జరిగి, నెమ్మదిగా అడిగింది. "అవునా పాపా? ఒగడే వచ్చినాడా?"

"వాళ్ళ నాయన జీపులో దించిపోయినాడు. నేనే నీళ్ళిచ్చినా."

"జీపు మీ ఇంటిముందర నిలబడిందా?"

మా అమ్మ నా తొడ గట్టిగా గిల్లింది. అప్పటికే "ఊఁ" అనేశాను.

ఆ సాయంత్రమే వలి బాషా వచ్చాడు. నాన్నకు దూరపు మేనల్లుడు, పెద్దాయన జీపు వెనక ఎక్కేవాళ్ళలో ఒకడు. అంగట్లో పిల్లల్ని లేపి బయటికి పంపి, తలుపు దగ్గరగా వేశాడు.

"మామా, పదకొండో పేరు నీది రాస్తాండారు."

నాన్న నవ్వబోయాడు. "నేనేం చేసినా రా?"

"జీపు నీ ఇంటికాడ నిలబడిందంట. ఈడ మాట్లాడుకోనే పోయినారంట. నీ కూతురే చెప్పిందంట కదా."

నాన్న నావైపు చూశాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. వలి బాషా విని తల ఊపాడు. అతను చెడ్డవాడు కాదు. అతని కళ్ళలో మా మీద జాలే ఉంది.

"నీ పేరెక్కించే కాగితం ఇంకా స్టేషనుకు పోలా. పెద్దాయన మంచిగానే చెప్పి పంపించినాడు మామా. జీపు నీ ఇంటికాడికి రాలేదను, నీ పేరు ల్యా. జీపు రాలేదంటే ఆ పిల్లోడూ రాలేదు. రెండూ ఒగే తాడు. ఒగటి నిలబెట్టి ఇంకొకటి తెంపేదానికి కాదు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, ఆ స్థితి కూడా కాదు మా నాన్నది. ఆయన పామూ కాదు, కప్పా కాదు. రేడియోలు రిపేరు చేసుకునే మనిషి. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారు, అది నిజం.

వలి బాషా పోయాక నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కుర్చీలో కూర్చుని, కోట గేము క్యాసెట్ తీసి అంచు ఊది, మళ్ళీ పెట్టెలో పెట్టాడు. చేతికి ఏదో ఒక పని కావాలి కదా.

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నాకు తెల్సు" అన్నాడు. "కానీ నేను లోపలికి పోతే మీకు ముగ్గురాడపిల్లలకు కూడెవరు పెడతారు సాజిదా? రేపు ఎవరడిగినా ఆ పిల్లోడు రాలేదని చెప్పు. ఎవరడిగినా."

మరుసటిరోజు పోలీసులు వచ్చి నాన్ననడిగారు. రాలేదన్నాడు. ఆ రోజు వాడి వెనక నిలబడి అరిచిన పిల్లలు ఏడుగురు. ఏడుగురి తండ్రులూ ఏడు ఇళ్ళలో అదే మాట చెప్పి ఉంటారు. వాళ్ళలో ఒక్కడు కూడా మళ్ళీ మా అంగడికి రాలేదు.

ఆ తర్వాత రెండు రోజులకు మిట్టమధ్యాహ్నం కరుణమ్మ వచ్చింది. హాస్టలు వంటింటి నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు పసుపు మరకలున్నాయి. గడప దాటలేదు. నాన్న లోపలిగది తెర వెనక్కి తప్పుకున్నాడు. తెర కింద ఆయన పాదాలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

"బిడ్డా" అంది. "నన్ను వకీలు పంపించలా, ఎవరూ పంపించలా. నువ్వు చెప్పేది కోర్టుకు చెప్పను, స్టేషనుకు చెప్పను. నా కొడుకు ఆ పొద్దు మీ అంగట్లో ఆటాడతాంటి అంటాండాడు. వాళ్ళ నాయన సావాసం ఎట్లాంటిదో నాకు తెల్సు, అందుకే నాకు పానం నిలబడలా. నా ఒక్కదానికి చెప్పు తల్లీ. వాడు ఈడ ఉన్న్యాడా?"

"ల్యాడు పెద్దమ్మా."

"ల్యాడా?"

"రాలేదు."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపులో అనుమానం ఉన్నా బాగుండేది. "సరేలే బిడ్డా" అంది చివరికి. "పసిదానివి. నీకు అబద్ధమాడే పనేముంది."

ఎండలో గొడుగు కూడా లేకుండా నడిచిపోయింది. తర్వాతి కాలంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఏదీ నన్ను ఆ మాటంతగా కోయలేదు.

పోలింగు అయిపోయిన వారానికి నాన్న టీవీలు అమ్మేశాడు. ఆ ఏడే కువైట్ వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళు ఎవరెవరివో కార్లు కడిగి, తిరిగొచ్చి, నాకు రిపేరు పని నేర్పి, తొమ్మిదేళ్ళ కింద చనిపోయాడు. శుభాకర్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కేసు నడుస్తుండగానే ఇద్దరు నాయకులకూ రాజీ కుదిరింది. పెద్దవాళ్ళ పేర్లు ఒకటొకటిగా రాలిపోయాయి. చివరికి యావజ్జీవం పడింది ముగ్గురికి, ముగ్గురూ వెనక ఎవరూ లేనివాళ్ళే. వాళ్ళలో శుభాకర్ ఒకడు.

జీవరత్నం సారు చెప్పి వెళ్ళిన ఆ రాత్రి మా అమ్మకు సంగతి చెప్పాను. అమ్మ నా దగ్గరే ఉంటోంది. తస్బీ పూసలు తిప్పుతూ విని, "పోవద్దు" అంది. "సచ్చిపోయిన మనిషి పేరు బజార్లో పెడతావా? ఆయన మనకోసమే అనిపించినాడు."

"ఆయన అనమన్న్యాడు మా. అనింది నేను."

"ఇప్పుడు చెప్తే వాని పదకొండేండ్లు తిరిగొస్తాయా?"

రావు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ కొత్తపెట్టెలో లాగా వెనక్కి నొక్కే బటన్ ఎవరి బతుకులోనూ లేదు. కానీ ఆ మెట్ల మీది ఆదివారాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అవి ఆగాలంటే నేను నోరు విప్పాలి. భయం లేదని చెప్పను. మా నాన్నను నలుగురిలో తప్పు పట్టించడానికి మనసొప్పలేదు. మూడు వారాలు అదీ ఇదీ సాకుపెట్టి వాయిదా వేశాను కూడా.

మే నెల మొదటి ఆదివారం పొద్దున్నే పులివెందుల బస్సెక్కి, అక్కడ దిగి వేముల బస్సు పట్టుకున్నాను. పోలింగు ఇంకో ఎనిమిది రోజులుంది. పులివెందుల బస్టాండు బయట ఒక ప్రచార జీపు పోతుంటే చూశాను. పెద్దాయన కొడుకూ, అవతలి నాయకుడి కొడుకూ ఒకే జీపులో నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జనానికి దండాలు పెడుతున్నారు. నాకు కోపం రాలేదు. సోడా తాగి వేముల బస్సెక్కాను.

గుడి చిన్నదే, సున్నం కొట్టిన గోడలు. నేను చేరేసరికి లోపల కీర్తన పాడుతున్నారు. మెట్ల మీద, విడిచిన చెప్పుల పక్కన, తల నెరిసిన మనిషి ఒకడు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. బుర్ఖాలో ఉన్న నన్ను చూసి, ఎవరికోసమోనన్నట్టు లేచాడు. నేను ముఖం మీది గుడ్డ తీశాను.

"అన్నా, నేను సాజిదాను. ఖాదర్ కూతుర్ని."

అతను గుర్తుపట్టాడు. కొంచెం పక్కకు జరిగాడు, అంతే.

"కరుణమ్మ పెద్దమ్మతో మాట్లాడాల."

"అయ్యగారు వాక్యం చెప్పేది అయిపోయింది. బల్లకు లేస్తాండారు. ఇప్పుడు కాదు లేమ్మా."

"ఇప్పుడే చెప్పాల అన్నా."

అతను గుమ్మం దగ్గరికి వెళ్ళి, లోపలికి అడుగుపెట్టకుండా ఎవరికో సైగచేశాడు. ఒక పిల్ల కరుణమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. తెల్లచీర, తలమీద కొంగు, చంకలో పాటల పుస్తకం. కళ్ళకు పొరలు కమ్మి నీలంగా ఉన్నాయి. చూపు నా మీద కాక నా పక్కన ఎక్కడో ఆగింది.

"ఎవరు బిడ్డా?"

దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ పోయాయి. నాకు మిగిలింది ఒక్కటే.

"పెద్దమ్మా, ఆ పొద్దు శుభాకరన్న మా అంగట్లోనే ఉన్న్యాడు. రెండింటికి కూచున్న్యాడు. నాలుగింటికి ఆట గెల్చినాడు. మధ్యలో నీళ్ళకు కూడా ల్యాయలా. బాంబులు పడినప్పుడు నా ముందరే ఉన్న్యాడు."

లోపల పాస్టరు అయ్యగారు జనాన్ని వరుసగా బల్లకు పిలుస్తున్నారు.

"నేనడిగితే ల్యాడంటివే" అంది.

"అంటి."

"మీ నాయన యాడుండె అప్పుడు?"

"తెర ఎనక ఉన్న్యాడు. ఆయన పేరు కూడా రాస్తామని బెదిరించినారు. ఆయన చెప్పమన్న్యాడు, కానీ నోరు నాది పెద్దమ్మా. అబద్ధం నాది." అప్పటికి నేను ఏడుస్తున్నాను. ఏడవకూడదనుకున్నాను, అది ఆమె హక్కు కదా అని. ఆగలేదు.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడు శుభాకర్ పక్కనుంచి. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను యాడుంటినో నాకు తెల్సు కదా. మా, నువ్వు పో. అయ్యగారు నిలబడి ఉండాడు."

కరుణమ్మ కదల్లేదు. చెయ్యి చాచి తడిమింది. కొడుకు భుజం దొరికింది. ఆ చెయ్యి మెడ మీదికి, చెంప మీదికి పోయింది. పదిహేడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న ముఖాన్ని కొత్తగా తడిమినట్టు తడిమింది. పాటల పుస్తకం అతని చేతిలో పెట్టింది.

"నువ్వు పో నాయనా."

"నువ్వు?"

"నాకు ఈ పొద్దు కాదు. మనసులో ఇంత పెట్టుకోని నేను పోయేదానికి ల్యా" అంటూ మెట్టు కోసం కాలితో వెతుక్కుంది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డంపెట్టింది. చెప్పుల పక్కన, అతను లేచిన చోటే కూర్చుంది. "పో. వాళ్ళను నిలబెట్టొద్దు."

శుభాకర్ గుమ్మం దగ్గర తలవంచాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు.

ఆమె నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. క్షమించానని కూడా అనలేదు. అనాలని నేనూ ఆశపడలేదు. ఎండ గోడమీదినుంచి మెట్లమీదికి దిగుతోంది. లోపల మళ్ళీ పాట మొదలైంది. ఆమె మెడ కొద్దిగా గుమ్మంవైపు తిప్పి, చెవి ఒగ్గి కూర్చుంది. కాసేపటికి, నేనక్కడే ఉన్నానని తెలిసినట్టు అడిగింది.

"బల్లకాడికి పోయినాడా వాడు? నాకు కండ్లు ఆనవు. చూసి చెప్పు."

నేను గుమ్మం దగ్గరికి పోయి చూశాను. అందరికన్నా వెనక, ఒక్కడే, మోకాళ్ళ మీద ఉన్నాడు. అయ్యగారు అతని ముందు వంగారు.

"పోయినాడు పెద్దమ్మా. రొట్టె తీసుకున్న్యాడు."

"నిజమే కదా?"

"నిజం పెద్దమ్మా" అన్నాను.